కార్డును లోపలికి లాక్కునే కాలిక్యులేటర్

నా చిన్నప్పుడు నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్న జ్ఞాపకం లేదు. అందులోనూ తమ్ముడు పుట్టకముందు, అమ్మ ఆస్పత్రిలో ఉన్న ఆ చలికాలం మరీను. నెలలు నిండకుండానే కాన్పు అయ్యేలా ఉందని డాక్టర్లు అమ్మను మంచం దిగొద్దన్నారు. నాన్న ఊరి శివారు కనాటాలో ఉన్న ఆఫీసుకు, అక్కడి నుంచి ఆస్పత్రికి, మళ్ళీ ఇంటికి మంచులో కారేసుకుని తిరుగుతూనే ఉండేవాడు. నేను మెట్లెక్కి దిగుతూ, కర్టెన్ తీసి వేస్తూ, అమ్మెప్పుడొస్తుందని కనిపించిన వాళ్ళందరినీ అడిగేదాన్ని. నాన్న రేపనేవాడు. కూరలు తెచ్చిచ్చే ఆంటీలు ఎల్లుండి అనేవాళ్ళు. నువ్వు బుద్ధిగా ఉంటే వచ్చేస్తుందని అమ్మమ్మ ఫోన్లో అనేది. ఎంత ప్రయత్నించినా నా కాళ్ళు ఊరుకునేవి కావు. అమ్మ రాకపోవడానికి కారణం నేనేనేమోనని లోపల ఒకటే గుబులు.

అప్పట్లో ఆ దేశానికి చదువుకోవడానికి వచ్చిన మన తెలుగు పిల్లలతో మా వీధిలో బేస్‌మెంట్లన్నీ నిండి ఉండేవి. మా ఇంటి కింద ఉండే అక్కది కరీంనగర్. ఎలక్ట్రానిక్స్ కోర్సు ముగించి వర్క్ పర్మిట్ కోసం ఎదురుచూస్తోంది. నాన్న వచ్చేదాకా నన్ను చూసుకునేది ఆమే. తనూ నాలాగే, నిమిషానికోసారి ఫోన్ తెరిచి చూసుకుని మళ్ళీ పక్కన పెట్టేసేది.

ఆమె టేబుల్ మీద ఒక పాత కాలిక్యులేటర్ విప్పి ఉండేది. నాన్న ఆఫీసులో రిటైరైన పెద్దాయన పారేయబోతుంటే నాన్న ఆమె కోసం తెచ్చాడు. ఇటుకంత బరువు, నల్లటి అద్దం వెనక ఎర్రటి అంకెలు. మనం నేర్పిన లెక్కను గుర్తుపెట్టుకుని తనంతట తనే చేసేది. అక్క దానికి ఒక ఆట నేర్పింది. అది ఒక అంకె దాచుకుంటుంది, మనం కనుక్కోవాలి. ఎక్కువ చెబితే ఒకటి చూపిస్తుంది, తక్కువ చెబితే సున్నా. కానీ ఆపేస్తే ఆటంతా మరిచిపోయేది. మళ్ళీ మొదటి నుంచీ మీటలన్నీ నొక్కాల్సిందే. పైగా బ్యాటరీ పాడైంది కాబట్టి, టేబుల్ మీద తీగలతో కరెంటిస్తేనే పనిచేసేది.

ఆ ఆటను అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాలనే ఆశ నాకు పట్టుకుంది. అక్క సరేనంది. అప్పుడు ఆమెనూ అడిగాను, అమ్మ ఎప్పుడొస్తుందని. అక్క చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టి నా ముఖంలోకి చూసింది.

"నాకు తెల్వదు చిట్టీ. డాక్టర్లకు గూడ తెల్వదు కావచ్చు. నువ్వు కుదురుగ కూసున్నా, ఉరికినా దానికేం సంబంధం లేదు. నా పర్మిట్ ఎప్పుడొస్తదో అదీ తెల్వదు. అందుకే ఈ పని పట్టుకున్న. నువ్వూ ఓ చెయ్యేస్తవా?"

నేను ఏడుస్తాననుకుంది కాబోలు. నాకేమో గుండె మీద నుంచి ఏదో దిగినట్టయింది.

ఆ రోజు నుంచీ నా చేతులకు పని దొరికింది. పాత బ్యాటరీ కారి గట్టిపడిన పచ్చటి పెచ్చును వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచాను. అక్క పాత బ్యాటరీ డబ్బాలోనే కొత్త సెల్స్ పెట్టి టంకం వేసింది. ఆట దాచుకోవడానికి వేలెడంత అయస్కాంతపు కార్డు ఉండేది. దాన్ని లోపలికి లాగే రబ్బరు చక్రం ముసలిదై బంకలా కరిగిపోయింది. ఆ బంకంతా స్పిరిట్‌తో గీకి, చేపల తొట్టికి వాడే గొట్టం ముక్క కోసి చక్రానికి తొడిగాం. మొదట నేను ఆత్రంగా కార్డు తోస్తుంటే అది తప్పు చూపిస్తూనే ఉండేది. "తొయ్యకు, మోటరు పట్టుకోంగనే వదిలెయ్," అనేది అక్క. వదలడం నా వల్ల అయ్యేది కాదు. చివరికి ఒక సాయంత్రం వదిలాను. చిన్నగా రొద చేస్తూ కార్డు అటు వైపు నుంచి బయటికొచ్చింది. ఆపి, మళ్ళీ వేసి, కార్డు పెట్టి చూస్తే ఆట అలాగే ఉంది. ఇద్దరం ఎగిరి గంతేశాం.

ఆదివారం ఆస్పత్రికి వెళ్ళేసరికి అమ్మ పొట్టకు పట్టీలు, వాటికి వైర్లు. వచ్చిన వాళ్ళందరికీ నవ్వుతూ నాకేం ఫరవాలేదంటోంది. వాళ్ళు వెళ్ళాక కాలిక్యులేటర్ ఆమె చేతిలో పెట్టి, కార్డు ఎలా వదలాలో చూపించాను. అమ్మ రెండంకెలు నొక్కి ఆగిపోయింది. "నేనెప్పుడొస్తానని చెప్పారే నీకు?" అంది.

ఇంట్లో ఏమడిగినా ఇంగ్లీషులో జవాబిచ్చే నాకు, ఆ రోజు అక్క మాటే నోట్లోంచి వచ్చింది. "తెల్వదమ్మా. డాక్టర్లకు గూడ తెల్వదు కావచ్చు."

కాకినాడలో పుట్టి పెరిగిన మా అమ్మ ఆ యాసకు పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "నాకూ తెలీదే. భయమేస్తోంది," అని నన్ను పక్కకు లాక్కుంది. అమ్మ భయపడుతోందని ఎవరూ నాకు చెప్పలేదు, ఆమెను ఎవరూ అడిగినట్టూ లేదు. ఆ మధ్యాహ్నమంతా వైర్లు కదలకుండా మంచం అంచున ఒదిగి కూర్చుని ఆమెతో ఆ ఆట ఆడాను.

తమ్ముడు తొందరపడి పుట్టాడు, గాజుపెట్టెలో పెరిగి, మంచు కరిగే రోజుల్లో ఇంటికొచ్చాడు. పర్మిట్ వచ్చాక అక్క మార్కమ్ అనే వేరే ఊళ్ళో ఉద్యోగానికి వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళకు ముసలిదాన్నయ్యాక, ఇప్పుడు నా మనవరాళ్ళు నాకు తెలియని సంగతి ఏదైనా అడిగితే, రేపు అనే మాట నా నాలుక చివరిదాకా వస్తుంది. అదైతే సులువు. దాన్ని మింగేసి, నాకు తెలియదమ్మా అంటాను. అని లేచి వెళ్ళిపోను. వాళ్ళతో కలిసి చేసే పనేదైనా ముందు పెట్టుకుని, వాళ్ళు చాలనేదాకా పక్కనే కూర్చుంటాను.