నీడ కొలిచిన పేలికలు

“ఇదుగో, ఇంత పొడుగు ఉండేది మా బొత్తాం,” అంటూ టైలర్ మాస్టారు కత్తెర పట్టిన చేత్తోనే గడప నుంచి ఇస్త్రీ బల్ల కాలి దాకా గాల్లో గీత గీశాడు. “నవ్వకు. తొమ్మిదేళ్ళ పిల్ల అంత పొడుగేంటనేగా? ఏడాదికి ఒక్కరోజు, ఒక్క పావుగంట. అది ఇవాళే.”

బైండరు నవ్వు ఆపేశాడు. రెండు దుకాణాల అవతల పుస్తకాలు కుట్టే మనిషి అతను. చిరిగిన కోటు అస్తరు ఏమైందో కనుక్కుందామని వచ్చి, ఇంకా కాలేదని తెలిసి, పీట లాక్కుని కూర్చున్నాడు. ఈ వీధిలో దుకాణం పెట్టి రెండేళ్ళయినా, బొత్తాం పేరు వినడం ఇదే మొదలు.

బొత్తాం మాస్టారి కూతురు. నడక రాకముందు నుంచీ బొత్తాల డబ్బాలో చెయ్యి పెట్టి కూర్చునేది కాబట్టి ఆ పేరే స్థిరపడింది. అసలు పేరు బళ్ళో మాస్టర్లకి తప్ప ఎవరికీ పట్టలేదు.

దుకాణం గుమ్మం తిన్నగా దక్షిణానికి ఉంది. ఉత్తరాది ఊరు కావడంతో, ఏడాదిలోకెల్లా పగలు చిన్నదైన రోజున సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా తల వంచుకున్నట్టు కిందికి నడుస్తాడు. ఎండ గడప దాటి, కుట్టుమిషన్లు దాటి, గదిలోకి ఎంతో దూరం వస్తుంది. మూడేళ్ళప్పుడు పిల్ల ఆ ఎండకి అడ్డంగా గడప మీద నిలబడి తన నీడ చూసి కేరింతలు కొట్టింది. కొలవమని పేచీ పెట్టింది. టేపు తీస్తే, అది ఊళ్ళోవాళ్ళందరిదీ, నాకొద్దంది. మాస్టారు చేతికందిన నీలం గుడ్డలోంచి వేలెడు వెడల్పు పేలిక చింపి, నేల మీద నీడ పొడవునా పరిచి, తల దగ్గర కత్తిరించాడు. పిల్ల దాన్ని మెడకు చుట్టుకుని, మిగిలింది ఈడ్చుకుంటూ, తడబడి పడుతూ లేస్తూ సాయంత్రం దాకా తిరిగింది.

అక్కడితో అది ఆ ఇంటి ఆనవాయితీ అయింది. ఏటా ఒక పేలిక. గుడ్డ ఏదన్నది బొత్తామే ఎంచేది. నేల మీద గుమ్మం నుంచి తిన్నగా లోపలికి పలకల అతుకు గీత ఒకటుంది. నీడ సరిగ్గా ఆ గీత మీద పడ్డప్పుడే కొలవాలి. కొలిచాక బడాయి మొదలయ్యేది. “అమ్మకంటే పొడుగు, నీకంటే పొడుగు, ఇంక నన్ను పొట్టిదాన్ననకండి,” అనేది. కాజాలు కుట్టుకుంటున్న తల్లి, “అయితే అటక మీద గిన్నెలు నువ్వే దించు,” అనేది.

ఏడు పేలికలయ్యాయి. ఎనిమిదో ఏడు పదేళ్ళు నిండిన పిల్ల ఎర్ర గళ్ళ గుడ్డ ఎంచి, వారం ముందే మిషను పక్కన దాచిపెట్టుకుంది. ఆ రోజు ఎవరిదో చర్చి పెళ్ళికి కోటు. ఒక చెయ్యి అతికించడమే మిగిలింది, మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. బొత్తాం మధ్యాహ్నం బడి నుంచి పరిగెత్తుకొచ్చి గడప ఎక్కింది.

“నాన్నా, గీత మీదికొచ్చేసింది.”

మాస్టారు తల ఎత్తలేదు. అబద్ధమూ చెప్పలేదు. ఈ రోజుల్లో సూర్యుడు నిలబడిపోతాడనీ, రేపూ ఎల్లుండీ నీడలో నూలుపోగంత తేడా కూడా రాదనీ పిల్లకి నేర్పింది తనే. అందుకే అన్నాడు: “రేపు కొలుద్దాంలేమ్మా. రేపూ ఇంతే ఉంటుంది.”

పిల్ల అలగలేదు. నీడ గీత దాటిపోయేదాకా అలాగే నిలబడి, తర్వాత బడికి వెళ్ళిపోయింది. తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. ఆసుపత్రికి ఎత్తుకెళ్ళారు. నాలుగో రోజు మాస్టారు, ఆయన భార్య, ఇద్దరే తిరిగొచ్చారు.

“ఆ మూడు రోజులూ ఆసుపత్రి కిటికీలోంచి ఎండ చూస్తూనే ఉన్నా,” అన్నాడు మాస్టారు బైండరు వైపు చూడకుండా. “నేను చెప్పినట్టే ఉంది. నూలుపోగు తేడా లేదు.”

భార్య ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆయనకి అనిపిస్తూనే ఉంది. ఏటా ఈ రోజు పదకొండయ్యేసరికి ఆవిడ చెల్లెలింటికి వెళ్ళిపోతుంది. మాస్టారు మిషను ఆపి, గడప ఖాళీగా ఉంచి, ఎర్ర గళ్ళ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. ఎండ వచ్చి, గీత మీదుగా ఇస్త్రీ బల్ల దాకా పరుచుకుని, వెళ్ళిపోతుంది. గుడ్డ మాత్రం అలాగే ఉంది, కత్తెర తగలకుండా.

ఇవాళ ఎండ రాలేదు. ఎదురుగా పాత రేకుల షెడ్డు స్థానంలో మేడ లేస్తోంది. పై అంతస్తుకి స్తంభాలు లేచాయి, గోడలు ఇంకా కట్టలేదు. దుమ్ము పడకుండా స్తంభాల చుట్టూ పచ్చటి గుడ్డ కట్టారు. దాంతో గడప మీద చెరువు నీళ్ళలాంటి మసక వెలుతురు. వచ్చే ఏడుకి అక్కడ గోడే ఉంటుంది. ఈ ఏడే ఆఖరు. మాస్టారు పొద్దుటి నుంచీ నాలుగుసార్లు వీధి దాటబోయి, ఆ గుడ్డ కాసేపు తియ్యమని అడగడానికి నోరు రాక వెనక్కి వచ్చాడు.

బైండరు లేచి గుమ్మంలోంచి పైకి చూశాడు. మేస్త్రీ మంచివాడేనన్నాడు. ఇప్పుడు అన్నాల వేళ కదా, పొద్దున్నే వెళ్ళి మాట్లాడతానన్నాడు. “ఎలాగూ రేపూ ఇదే ఎండ కదా మాస్టారూ.”

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

మాస్టారికి కోపం రాలేదు. బిస్కెట్ డబ్బా మూత తీసి, చుట్టలు చుట్టిన ఏడు పేలికలనీ ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. పక్కన ఎర్ర గళ్ళ గుడ్డ పెట్టాడు. పాత మడత దగ్గర అది వెలిసిపోయింది.

“ఆ మాట నేనూ అన్నాను నాయనా,” అన్నాడు మెల్లగా. “ఇంకా పది నిమిషాలుంది. నువ్వెళ్ళు. మేడ ఆపమనట్లేదని చెప్పు. ఆ నడిమి రెండు స్తంభాల మధ్య గుడ్డ ఒక్కటీ పావుగంట పక్కకి లాగమను, మళ్ళీ నేనే వచ్చి కడతానను. కోటు సాయంత్రానికి ఇచ్చేస్తా. వెళ్ళేటప్పుడు మాత్రం గడప మీద నిలబడకు, దాటేసి వెళ్ళు.”