ఎస్తేరు సాక్ష్యం చెప్పిన నాటకం

మా నాయనమ్మ ఎస్తేరు స్టేజీ ఎక్కి ఏడిస్తే సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదలక్కర్లేదు. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా రెండు పంటలూ ఆ కన్నీళ్లతోనే పండుతాయి. నమ్మనివాళ్లు చిలుకూరు చర్చిలో ఎవరినైనా అడగవచ్చు. ఏటా క్రిస్మస్ నాటకంలో ఏడ్చే తల్లి వేషం ఆమెదే. మిగతా రోజుల్లో నాట్లేసే ఆడవాళ్ల ముఠాకు పెద్ద. పొలంలో ఆమె గొంతు లేస్తే పక్క మడిలో కొంగలు కూడా లేచిపోతాయి.

అలాంటి గొంతు ఈ ఏడు మూగబోయింది. వానాకాలంలో చిన్న మనవరాలు కృపకు డెంగీ వచ్చింది. జోరు వానలో మా ఊరి గోపాల్ తన ఆటోలో కోదాడ తీసుకెళ్లాడు. అక్కడివాళ్లు సూర్యాపేట పొమ్మన్నారు. పక్కింటి సత్తమ్మ కొడుకు రవి రక్తం ఇచ్చాడు. మిర్యాలగూడ నుంచి ఎస్తేరు కూతురు గ్రేస్ వచ్చి దవాఖానలో పిల్లను కనిపెట్టుకుని కూర్చుంది. కృప బతికింది.

జబ్బు నయమైతే ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పడం, అంటే పొందిన మేలును అందరికీ వినిపించడం, మా చర్చిలో ఆనవాయితీ. ఎస్తేరు ప్రతి ఆదివారమూ లేచేది. "ప్రభువుకు వందనాలు" అనేదాకా వచ్చేది. ఆపైన కొంగు సర్దుకుని కూర్చునేది. ఇంత మేలు పొంది నోరు మెదపలేకపోతున్నానే అన్న బాధ ఆమెను లోపల తినేసింది.

చివరికి తానే దారి కనిపెట్టింది. "ఉత్తగ నిలబడి చెప్పరాకపోతే నాటకంల చెప్త. ఏషమేస్తే నాకు భయం ఉండదు," అంది. బడిలో పాఠాలు చెప్పే కృపాకర్ సారు నాటకం రాశాడు: పిల్లకు జబ్బు, నాయనమ్మ ప్రార్థన, పిల్ల లేవడం, ఆపైన నాయనమ్మ అందరికీ కృతజ్ఞతలు. ఇంటి ముందు టెంట్ వేయించి, కోడికూర వండించి, కృతజ్ఞత కూడిక పెట్టింది ఎస్తేరు. పిల్ల వేషం కృపే వేసింది.

రిహార్సల్లో పకపకా నవ్విన పిల్ల ఆ రోజు మంచం మీద కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంది. ఎస్తేరు నుదుటి మీద చెయ్యి వేసింది. లైట్ల వేడికి నుదురు కాలుతోంది. ఆమెకు స్టేజీ కనబడలేదు, సూర్యాపేట వార్డు కనబడింది.

"గోపాలూ! ఆటో తియ్ బిడ్డా! పిల్ల ఒళ్లు కాలుతున్నది!"

ఆ మాట నాటకంలో లేదు. కానీ ఆ సంగతి గోపాల్‌కు తెలియదు కదా! కుర్చీలు తన్నుకుంటూ పరుగెత్తి ఆటో స్టార్ట్ చేశాడు. సత్తమ్మ "రవిగా, నువ్వు గూడ ఎక్కురా!" అని కొడుకును నెట్టింది. జనమంతా మోకాళ్ల మీద పడి, కళ్లు మూసుకుని, ఎవరికి వారు గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. తెర వెనుక కృపాకర్ సారు "అమ్మా, డైలాగు! డైలాగు!" అని మొత్తుకున్నా వినేవాళ్లు లేరు.

కృప లేచి కూర్చుంది. "నాయనమ్మా, నాకేం కాలే. కూర అయిందా?"

ఎస్తేరు పిల్లను పొట్టకు అదుముకుంది. అప్పుడు కదిలింది గొంతు.

"గోపాలూ, ఆ దినం వానల నువ్వు రాకపోతే నాకీ పిల్ల లేదు. రవీ, నీ రక్తమే దీని ఒంట్ల తిరుగుతున్నది. గ్రేసూ, నువ్వు నడుం వాల్చలే బిడ్డా. సత్తమ్మొదినా, నేను దవాఖానల ఉంటే నా బర్లకు గడ్డేసినవ్. ప్రభువు మీ చేతులతోనే కాపాడిండు. నాకు నోరు రాక ఇన్ని దినాలు చెప్పలే."

ఆపైన ఏడ్చింది. వేషం ఏడుపు కాదు, కొంగుతో ముక్కు చీదుకునే ఏడుపు.

"ఎక్కుండ్రి మరి పెద్దమ్మా!" బయట ఆటోలోంచి గోపాల్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

భోజనాల దగ్గర మనవడు సాంసన్, అంటే ఇది రాసినవాడు, ఊరుకోలేక అడిగాడు. "నాయనమ్మా, సారు నాటకం మొత్తం ఖరాబ్ చేసినవ్ గదా?"

"అయితే అయింది. చెప్పాల్సినోళ్లకు చెప్పిన. నువ్వు పండ్లికిలిచ్చుడు ఆపి గోపాల్‌కు కూరెయ్యి పో."