నాలుగో నిమ్మకాయ

ముప్పై ఏళ్లు విమానాలు బాగుచేసిన శేషగిరికి ఒకటే భయం, ఇంజన్‌లో ఎవరైనా ఏదైనా మరచిపోతారని. కెనడాలో వాళ్లుండే సస్కటూన్ ఊరి మిత్రుడు హేమచంద్ర గాల్లో పల్టీలు కొట్టే పైలట్ల కథలు చెబితే, శేషగిరి మరచిపోయిన స్పానర్లు కూల్చిన విమానాల కథలు చెప్పేవాడు.

రిటైరయ్యాక రెండు సీట్ల పాత విమానం కొన్నాడు. గోధుమ చేల మీద ఎండ తేనెలా పారుతున్న సాయంత్రం భార్య పద్మిని దానికి పూజ చేసింది. చక్రాల కింద పెట్టడానికి, కారు అలవాటుకొద్దీ, నాలుగు నిమ్మకాయలు తెచ్చింది. విమానానికి చక్రాలు మూడే. మిగిలిన కాయ కనబడలేదు.

"దొరికేదాకా స్టార్ట్ చెయ్యను," అంటూ శేషగిరి ఇంజన్ మూత విప్పాడు.

"చీకటి పడితే ఎగరనివ్వరండీ. ఐదేళ్లుగా ఎక్కిస్తానంటున్నారు," అని హేమచంద్ర గునిశాడు.

సీట్ల కింద, గడ్డిలో వెతికారు. సూర్యుడు చేల అంచుకు దిగాడు. ఇక హేమచంద్ర ఆగలేకపోయాడు.

"దాహమేసి సోడాలో పిండుకుని తాగేశానండీ. పూజది కదా, పద్మినిగారు తిడతారని చెప్పలేదు."

"తొక్కేది?"

"నమిలేశా."

శేషగిరి ముఖం వెలిగింది. విమానం తనిఖీ పుస్తకం తీసి శ్రద్ధగా రాశాడు: నాలుగో నిమ్మకాయ, ప్రయాణికుడి కడుపులో భద్రం.

"ఎక్కవయ్యా," అన్నాడు.