ఇరవై రెండు అడ్డగీతలు

1979, ఐప్పసి మాసపు వానలు, అంటే అక్టోబరు, నవంబరు నెలలవి. ఆ వానల్లో తిరుత్తణిలో కూర్చుని నేను చేసిన ఒక లెక్కలో పోయినవాటిని ముందుగా చెబుతాను. ఒక నల్ల గొడుగు కడంబత్తూరు స్టేషన్ బెంచీ మీద ఉండిపోయింది. ఒక కట్ట కార్బన్ పేపర్లు తడిసి నీలం ముద్దయ్యాయి. ఒక కాలేజీ అబ్బాయి చదువులో ఒక నెలను కామెర్లు మింగేశాయి. ఒక రేషన్ కొట్టు పోయింది. వీటితోపాటు అరవై ఆరు మైళ్ళ దారి పోయింది. చివరి రెండూ ఎలా పోయాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా వృత్తికి సరైన పేరు లేదు. మా ఇంట్లోవాళ్ళది బియ్యం వ్యాపారం. మా తాలూకా ఆంధ్ర నుంచి మద్రాసు వైపు కలవకముందు తెలుగు బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత నేర్చుకున్న లెక్కలన్నీ కొట్లో కూర్చుని నాకు నేనుగా నేర్చుకున్నవే. తమిళం ధారాళంగా మాట్లాడతాను గానీ, చదవాలంటే అక్షరాలు కూడబలుక్కోవాలి. సంవత్సరాంతపు లెక్కలకు ఊళ్ళో కొట్లవాళ్ళు పిలిచేవాళ్ళు. తర్వాత్తర్వాత కాలేజీ పిల్లలూ రావడం మొదలుపెట్టారు.

వాళ్ళ పని ఇలా ఉంటుంది. ఊళ్ళు తిరిగి, ఇంటికొక ప్రశ్నల కాగితం నింపుకొస్తారు. దాన్ని షెడ్యూల్ అంటారు. షెడ్యూళ్ళలోని జవాబులను పెద్ద గళ్ళ కాగితం మీదికి ఎక్కించడం ట్యాబ్యులేషన్. జవాబు దొరకని గడిలో అడ్డగీత పెడతాం. అది నో రెస్పాన్స్. అడ్డగీత పడిన ఇల్లు సగటులోకి రాదు. ఆ ఇల్లు ఉన్నట్టే ఉంటుంది గానీ లెక్కలో ఉండదు. ఈ ఒక్క సంగతి పాఠకులు గుర్తుంచుకుంటే చాలు.

ఆ ఏడాది నా దగ్గరికి ఇద్దరు వచ్చారు. ఇద్దరూ మద్రాసులో ఎం.ఏ. చదువుతున్నారు. వసంతది తిరువళ్ళూరు, ఇంట్లో మాట్లాడేది తమిళం. మునిరత్నానిది కే.జీ.కండిగై, ఇంట్లో మాట్లాడేది తెలుగు. అయితే అతను బడిలో నేర్చింది తమిళమే కాబట్టి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. సర్కారు సరుకులు అందరికీ ఒకేలా అందుతున్నాయా అన్నది వాళ్ళ పరిశోధన. నన్ను వసంత అయ్యా అనేది, మునిరత్నం మామా అనేవాడు. వసంతకు తెలుగు రాదు, ఆమెతో నా మాటలన్నీ తమిళంలోనే; ఇక్కడ వాటిని తెలుగు చేసి రాస్తున్నాను.

వాళ్ళు తిరిగిన ఊళ్ళలో ఒకటి కండిగైకి అవతల ఉంది. రోడ్డు పక్కన పద్దెనిమిది తమిళ ఇళ్ళు. పొలాల్లోకి చాలా దూరం వెళితే ఇరవై రెండు ఇళ్ళ కాలనీ, అందరూ తెలుగు మాట్లాడే కూలీలు. సర్కారు పుస్తకంలో రెండూ కలిపి ఒకే ఊరు. రేషన్ కొట్టు కండిగైలో. తిరువళ్ళూరు ఆఫీసులో ఒక అధికారి వసంతతో ఒక మాట అన్నాడట: "వారానికి రెండు రోజులు తెరిచే చిన్న కొట్టు ఒకటి నా చేతిలో ఉంది. మీ లెక్కలో ఏ ఊరివాళ్ళు సగటున రెండు మైళ్ళకు మించి నడుస్తున్నారని తేలితే ఆ ఊరికి ఇస్తాను." మంచి మాటే. అందుకే ఆ సగటు కోసం మేము ముగ్గురం ఆశగా ఉన్నాం.

రోడ్డు ఇళ్ళకు వసంత వెళ్ళింది. కాలనీకి మునిరత్నం వెళ్ళాడు. తిరిగొచ్చిన వారానికే అతనికి కామెర్లు వచ్చాయి.

మా బియ్యం కొట్టు మీది గదిలో వసంతా నేనూ కూర్చున్నాం. కిటికీలో కొండ కనిపించాలి గానీ, ఆ మధ్యాహ్నం కొండ లేదు. మబ్బు దిగి మెట్లనూ, గుడినీ, కొండనూ తుడిచేసింది. కింద బియ్యం కొలిచేవాడు ఒకటికి బదులు లాభం అంటూ, లాభం, రెండు, మూడు అని పాడుతున్నట్టు లెక్కపెడుతున్నాడు. వాన చప్పుడులో ఆ అంకెలు మెట్లెక్కి పైకి వచ్చి మా మధ్య కూర్చున్నట్టు అనిపించింది. వసంత షెడ్యూలు చూసి చదువుతోంది, నేను గళ్ళు నింపుతున్నాను.

ఏడో ప్రశ్న వచ్చింది. రేషన్ కొట్టు ఎంత దూరం, ఇబ్బంది ఏమిటి? దీనికి మాత్రం టిక్కులు, అంకెలు పనికిరావు. జవాబు ఆ మనిషి నోట ఎలా వచ్చిందో అలాగే రాయాలని వాళ్ళ ప్రొఫెసర్ నియమం. రోడ్డు ఇళ్ళవాళ్ళందరూ ఒక మైలు అన్నారు. తర్వాత కాలనీ కట్ట విప్పాం.

"క్లోజ్డ్," అంది వసంత.

దూరం గడిలో అడ్డగీత పెట్టాను.

"ఇదీ క్లోజ్డ్. ఇదీ."

వాన, ఆమె గొంతు, నా గీత. వాన, ఆమె గొంతు, నా గీత. కట్ట అయిపోయేసరికి నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి.

"అందరూ ఒకే మాటా అమ్మా?" అన్నాను.

"అందరూ అంతే అయ్యా. మునిరత్నం ఎళ్ళిన పొద్దు కొట్టు మూసినారేమో. అందరూ ఆ కోపంలో ఉండారు."

"వాణ్ణొక మాట అడిగితే?"

"ఎట్లా అడిగేది? కండ్లు పసుపు పూసినట్టు ఉండాయి. వాళ్ళమ్మ నన్ను గడప కూడా తొక్కనీలేదు. పరీక్షలూ వద్దు, పరిశోధనా వద్దు, పో తల్లీ అనేసింది."

పద్దెనిమిది ఇళ్ళు, పద్దెనిమిది మైళ్ళు. సగటు ఒకటి. భిన్నం తోక లేని సగటు అరుదుగా వస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంది కానీ రెండుకు చాలా కింద ఉంది. మర్నాడు రైల్లో తిరువళ్ళూరు వెళ్ళి ఆ కాగితం ఇచ్చి వచ్చాం. గొడుగు పోయింది ఆ ప్రయాణంలోనే. సిగ్నల్ కోసం రైలు కడంబత్తూరులో ఆగితే టీ తాగడానికి దిగాం. పది రోజుల్లో చిన్న కొట్టు వేరే ఊరికి వెళ్ళింది.

అప్పుడు ప్రొఫెసర్ వసంతను ఒక ప్రశ్న అడిగాడు. "ఇరవై రెండు ఇళ్ళకీ మూసి ఉన్న కొట్టు పద్దెనిమిది ఇళ్ళకి ఎలా తెరిచి ఉంది?" ఆ సంగతి కనుక్కుందామని, తెలుగు మాట్లాడేందుకు నన్ను తోడు తీసుకుని వసంత కండిగై వచ్చింది. కొట్టు తెరిచే ఉంది. నెత్తిన బియ్యం సంచి, చేతిలో కిరోసిన్ డబ్బాతో అప్పుడే ఒకామె బయటికి వస్తోంది. పేరు గంగమ్మ, ఇల్లు కాలనీలో. డబ్బా నేను అందుకున్నాను. ముగ్గురం నడవసాగాం.

నేను దేన్నీ లెక్కపెట్టకుండా నడవలేను. కరెంటు స్తంభాలు, గట్లు, మేకలు, ఏదో ఒకటి లెక్కలో ఉండాలి. ఆ దారిలో మాత్రం లెక్క మరిచిపోయాను. వాన వెలిసి మడి మడిలోనూ ఒక ఆకాశం నిలబడి ఉంది. కొంగలు లేస్తే నీళ్ళలోని కొంగలు కూడా లేస్తున్నాయి. మైలురాళ్ళు పెద్దరోడ్డుతోనే ఆగిపోయాయి. ఎంత నడిచినా కాలనీ అంతే దూరంలో, ఎవరో పట్టుకుని వెనక్కి జరుపుతున్నట్టు, నీళ్ళ మీద తేలుతూ ఉంది. చేతిలో డబ్బా ఒక్కటే నిజమని తెలుస్తోంది. అది మాత్రం బరువెక్కుతోంది.

"ఏం గంగమ్మా, ఈ కొట్టు ఎప్పుడూ మూసే ఉంటాదంటనే?" అన్నాను.

"ఎవురు చెప్పినారు సామీ? ఇప్పుడే గదా సరుకు ఎత్తుకొస్తా ఉండాను! కండ్లు యాడ పెట్టుకోనుండావు?"

"మీ కాలనీలో ఇంటింటా అదే చెప్పినారంట. మునిరత్నం రాసుకొచ్చినాడు."

"ఆ కండిగై అబ్బోడా? మా వాకిట్లో మంచం మింద కూసోనే గదా రాసుకొనె. కొట్టు ఎంత దూరం అక్కా అనె. మూడు అంటి. ఇబ్బంది ఏంది అనె. అదే నాయినా, మూడు అంటి. ఇంకేం చెప్పాల?"

వసంత గట్టు మీదే నిలబడిపోయింది. "ఎన్న సొన్నీంగ?" అంది. ఏం చెప్పారు అని.

"మూడు," అంది గంగమ్మ, మూడు వేళ్ళు చూపించి.

వసంత సంచిలోంచి ఒక షెడ్యూలు తీసింది. తమిళ అక్షరాల్లో ఉన్న ఆ మాటను మొదటిసారి పైకి చదివింది. "మూడు."

తమిళంలో మూడు అంటే మూసెయ్ అని. మునిరత్నం నియమం తప్పలేదు. గంగమ్మ నోటి తెలుగు మాటను తనకు వచ్చిన తమిళ అక్షరాల్లో ఉన్నదున్నట్టు రాశాడు. వసంత ఆ అక్షరాలను తమిళంగా చదివి, నాకు ఇంగ్లీషులో చెప్పింది. ఒక మాట మూడు భాషలు దాటి వచ్చేసరికి మూడు మైళ్ళూ అరిగిపోయాయి. ఆమె ఆ గదిలో ఒక్కసారి ఆ మాటనే పైకి చదివి ఉంటే, ఎనిమిదో తరగతి చదివిన నా తెలుగు చెవికి అది అంకెగానే వినిపించేది.

సంగతి విప్పి చెబితే గంగమ్మ బియ్యం సంచి పట్టుకుని నవ్వింది. "మీ అరవంలో మూడంటే మూసేదా? అయితే మా ఇంటాయన దినామూ మూడు ముద్దలు తింటాడే, నోరు మూసుకోనేనా తినేది?" వసంతకూ నవ్వు వచ్చింది. ఆ వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిన్న కొట్టు సంగతి గంగమ్మకు ఇంకా తెలియదు. గట్టు మీద అక్కడే చెప్పాం. గంగమ్మ నవ్వు ఆపి, నా చేతిలోని డబ్బా తను తీసుకుంది. "అట్లనా," అంది. అంతే. మళ్ళీ నడిచింది.

ఇల్లు చేరాక లెక్క మళ్ళీ చేశాను. కాలనీ ఇళ్ళు ఇరవై రెండు, ఒక్కో ఇంటికి మూడు, మొత్తం అరవై ఆరు. రోడ్డు ఇళ్ళవి పద్దెనిమిది. కలిపితే ఎనభై నాలుగు, నలభై ఇళ్ళకు పంచితే రెండు పాయింట్ ఒకటి. అది అధికారి అడిగిన రెండుకు పైనే ఉంది.

"ఉత్తరువు వెళ్ళిపోయిందమ్మా," అన్నాడు అధికారి. మేము పట్టుకెళ్ళిన కొత్త కాగితం రెండుసార్లు చదివాడు, బాధపడ్డాడు కూడా.

"తప్పు మాది సార్. వాళ్ళది కాదు," అంది వసంత.

"ఎవరిదైనా నా దగ్గర ఉన్నది ఒక్క కొట్టే. వచ్చే ఏడు చూద్దాం."

కామెర్లు తగ్గి మునిరత్నం గుండు చేయించుకుని కొండ దిగి వచ్చాడు. సంగతి విని గుమ్మంలో కూలబడ్డాడు. "నేను మాట మార్చలేదు మామా. నోట్లోంచి ఎట్ల వచ్చెనో అట్లనే రాసినాను."

"నీకు తెలుగు రాసేది వచ్చుంటే బాగుండును రా," అన్నాను.

"నీకు అరవం చదివేది వచ్చుంటే ఇంకా బాగుండును మామా," అన్నాడు.

ఇద్దరి మాటా నిజమే. ఆ పొద్దున మబ్బు విడిచి, కిటికీలో కొండ ఉన్నచోటే ఉంది.

వచ్చే ఏటికి ఆ అధికారి బదిలీ అయ్యాడు. కొత్తాయన మళ్ళీ సర్వే చేయాలన్నాడు. సర్వే చేయాల్సిన పిల్లలు చదువులు ముగించి ఉద్యోగాల్లోకి వెళ్ళిపోయారు. వసంత పరిశోధనలో రెండు పాయింట్ ఒకటి అనే అంకె అచ్చయింది. దానికి మంచి మార్కులు కూడా వచ్చాయి.

ఆ తర్వాత నా పని పద్ధతి మారింది. నా దగ్గర జవాబు చదివేవాళ్ళను దాని అర్థం చెప్పవద్దంటాను. ఆ మాటనే పైకి చదవమంటాను, రెండుసార్లు వింటాను, అప్పుడే గీత పెడతాను. గీత పడే ఇళ్ళు చాలాసార్లు దారి చివరి ఇళ్ళే. వాళ్ళు జవాబు చెప్పే ఉంటారు. అది మన దాకా వచ్చేలోపు ఎక్కడో మూతపడి ఉంటుంది.

మొన్న కండిగై బస్టాండులో గంగమ్మ కనిపించింది. జుట్టు నెరిసింది, డబ్బా మాత్రం అదే. దూరం నుంచే కేక వేసింది.

"ఏమయ్యా, మూడు తెరిచినారా?"

ఇంకా లేదన్నాను. బస్సు వెళ్ళిపోయాక ఆమె పొలాల దారిలోకి దిగింది. ఎండలో ఆ దారి నీళ్ళలా మెరుస్తోంది. కాలనీ ఎప్పటిలాగే అవతల తేలుతోంది. ఆమెకు మేమూ, ఆఫీసూ బాకీపడ్డ అంకె ఈ రోజుకీ తగ్గలేదు. మూడు మైళ్ళు.