కార్త్యాయని వంతు

కేరళలో మా కణ్ణూరు బీడీ షెడ్డులో పవిత్రన్ బీడీలు చుట్టడు, చదువుతాడు. పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల. ఆడవాళ్లందరినీ చేచ్చీ, అంటే అక్కా, అని పిలుస్తాడు. అతని కూలి పోకుండా మేమంతా తలా కాసిని బీడీలు అతని పేర చుట్టి పెడతాం. అందుకు మాకో కట్టుబాటు ఉంది. అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదవాలి, సొంత పైత్యం కలపకూడదు.

నా పక్కన కూర్చునేది కార్త్యాయని. నవల వింటూ ఏడ్చేవాళ్లంటే ఆమెకు వెటకారం. నేను ముక్కు తుడుచుకుంటే, "చేతులు ఆగాయి రోహిణీ, ఏడుపుకి ఎవరూ కూలివ్వరు" అనేది. కూతురు షీజ తలశ్శేరిలో చేపలు పట్టేవాడితో వెళ్లిపోయిన రోజున కూడా ఆ చేతులు ఆగలేదు. తర్వాత పిల్ల తిరిగొచ్చి వాకిట్లో నిలబడితే తలుపు తీయలేదు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే మాట మార్చేది. నాకు ఒళ్లు మండేది.

ఆ వానాకాలం ఎవరో కొత్త రచయిత్రి మొదటి నవల వచ్చింది. కథ పాలక్కాడు వైపుది. తనకు నచ్చినవాణ్ణి కట్టుకుందని మాధవిని కన్నతండ్రే గడప తొక్కనివ్వడు. ఆ పిల్ల కడుపుతో ఉండి కూడా వచ్చి కంచె దగ్గర నిలబడి వెళ్తుంటుంది. రెండో రోజుకే ఆకు కత్తిరిస్తున్న కార్త్యాయని కత్తెర ఆగిపోయింది. షీజకూ నెలలు నిండుతున్నాయని షెడ్డులో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

టీ తాగుతూ, "ఆ ముసలాడు చివరికి తలుపు తీస్తాడా పవిత్రా?" అని అడిగింది.

"ఇప్పుడే చెప్పేస్తే రేపేం వింటావు చేచ్చీ?" అన్నాడతను, ఆమె మొహం చూడకుండా.

ఆఖరి రోజున పవిత్రన్ చదివినదాంట్లో మాధవి బిడ్డనెత్తుకుని వచ్చి తండ్రి కాళ్ల మీద పడింది. ఆయన కరిగిపోయి ఇద్దరినీ లోపలికి తీసుకెళ్లాడు. అందరం కళ్లు తుడుచుకున్నాం. కార్త్యాయని కత్తెర మళ్లీ ఆడింది.

"చూశావా, పిల్లలే వస్తారు. మనం దిగిరానక్కర్లేదు" అంది నాతో.

నేను పవిత్రన్‌కి ఎదురుగా కూర్చుంటాను. అంతసేపు చదివినవాడు ఒక్క పేజీ కూడా తిప్పలేదు. అతను బావి దగ్గరికి వెళ్లగానే పుస్తకం తీసి చూశాను. అందులో మాధవి కాన్పులో పోయింది. తండ్రి తలుపు తీసేసరికి వాకిట్లో పాడె ఉంది.

తిన్నగా బావి దగ్గరికే వెళ్లి నిలదీశాను.

"ఆమె మొహం చూశావు కదా చేచ్చీ, ఆ ముక్క ఎలా చదవమంటావు? జాలేసింది."

"నీ జాలి తగలెయ్య. ఇప్పుడు నీ మాట నమ్మి ఆవిడ ఇంట్లోనే కూర్చుంటుంది. రేపు ఉన్నది ఉన్నట్టు చదువు. లేదంటే నీ పేర నేను ఒక్క బీడీ చుట్టను."

మర్నాడు తన తప్పు అందరి ముందూ ఒప్పుకుని చదివాడు. అది అయిపోగానే కార్త్యాయని చాట పక్కన పెట్టి, ఒళ్లోని పొగాకు దులుపుకుని లేచింది. ఎక్కడికని మేస్త్రీ అడిగితే, "తలశ్శేరికి" అని చెప్పి గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఆమె వంతు బీడీలు మేమే చుట్టాం. పవిత్రన్ కూడా వంకరటింకరగా కొన్ని చుట్టాడు.

తర్వాతి రోజు పొద్దున్నే వచ్చి నా పక్కన కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది. నాకు భయమేసింది.

"షీజ బాగుందా?" అన్నాను.

"బాగానే ఉన్నట్టుంది. లోపల మొగుడితో మాట్లాడుతుంటే వినపడింది."

"తలుపు తీయలేదా?"

"చీకటి పడేదాకా వాకిట్లోనే ఉన్నాను. తీయలేదు."

కత్తెర చేతిలోకి తీసుకుంది, మళ్లీ కింద పెట్టేసింది. ఇన్నేళ్లలో ఎవరినీ ఏ సాయమూ అడగని మనిషి, తల దించుకుని మెల్లగా అడిగింది.

"మధ్యాహ్నం మళ్లీ వెళ్తాను రోహిణీ. ఇవాళ కూడా నా వంతు చుట్టి పెడతారా?"