ఉత్తరపు గోడ ఆరేదాకా

ఆ ఇంటిని చూసి మొదట నవ్వింది నా భార్యే. "ఏమయ్యా, ఈడ మంచు యాడ పడతాదని కప్పు అంత ఏటవాలుగా కట్నారు?" అంది కారు దిగుతూనే. నేనప్పటికే గోడ దగ్గరికి పోయి రాయిని చేత్తో తడుముతున్నాను.

సిడ్నీకి పడమరగా నాలుగు గంటల దూరంలో, గొర్రెల మేత భూముల మధ్య ఉంటుంది ఆ ఇల్లు. కట్టించింది ఒక ఇంగ్లండు దొర. తన తాతల ఊళ్ళో ఉన్న జమీందారీ బంగళా ప్లాను తెప్పించుకొని, అంగుళం మారకుండా అలాగే కట్టమన్నాడట. రెండడుగుల మందం ఇసుకరాయి గోడలు, పొడుగాటి పొగగొట్టాలు, చిన్న చిన్న అద్దాల కిటికీలు, గోడలకు చెక్క పలకలు తాపిన పెద్ద హాలు. ఇంగ్లండులో ఎండ దక్షిణం నుంచి వస్తుంది కాబట్టి దొరలు కూర్చునే గదులన్నీ దక్షిణానికి. వంటిల్లు, గిన్నెలు తోమే గది ఉత్తరానికి. ఆస్ట్రేలియాలో సూర్యుడు ఉత్తరం వైపు నడుస్తాడని ఆ కాగితానికి ఎవరు చెప్పాలి? దొరలు తరతరాలుగా చలికి వణికారు, పనివాళ్ళు హాయిగా ఎండలో గిన్నెలు తోముకున్నారు.

నాది కర్నూలు జిల్లా. రాయి కొట్టే ఇంట్లో పుట్టాను. ఇక్కడికొచ్చాక పాత కట్టడాలు బాగుచేసే పనిలో కుదురుకున్నాను. ఆ ఇంటిని చూసుకునే ట్రస్టు వాళ్ళు రెండేళ్ళ పని ఇచ్చి, ఇంట్లోనే ఉండమన్నారు. సిడ్నీ శివారు రౌస్ హిల్‌లో మా అద్దె ఫ్లాటు ఖాళీ చేసి వచ్చేశాం. ఆమెకు అప్పటికే ఒకసారి క్యాన్సర్ వచ్చి తగ్గింది. పల్లె గాలి ఒంటికి మంచిదని చెప్పి ఒప్పించింది నేనే.

ఏ గది కావాలో మీరే చూసుకోండన్నారు. ఆమె ఇల్లంతా తిరిగి, గిన్నెలు తోమే గదిలోకి పోయి అక్కడే నిలబడిపోయింది.

"మంచం ఈడ ఏసుకుందామయ్యా. ఎండ సూడు, ఎట్ల పడతాండాదో."

"ఏమ్మే, తిక్కా నీకు? పనోళ్ళ గదిలో పండుకుంటామా? రేపు మనోళ్ళు ఎవరన్నా వస్తే ఏమనుకుంటారు?"

మంచం దక్షిణం వైపు దొర గదిలోనే వేశాను. ఫొటోలు తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రాళ్ళు కొట్టేవాడి కొడుకు దొర గదిలో పడుకుంటున్నాడు మరి! అందరూ మెచ్చుకున్నారు. ఆమె మాత్రం రగ్గు మెడదాకా లాక్కొని, "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అంది.

రెండో ఏడు జబ్బు తిరగబెట్టింది. మూడు వారాలకొకసారి ఆసుపత్రికి పోయి మందు ఎక్కించుకొని రావాలి. మందు ఎక్కినాక చలి ఆమె ఎముకల్లోకి దిగేది. పొద్దున పది దాటగానే గోడ పట్టుకొని మెల్లగా నడుచుకుంటూ గిన్నెలు తోమే గదికి పోయేది. తలుపు తెరిచి, గుమ్మానికి కాస్త లోపలగా కుర్చీ వేసుకొని, వీపుకు ఎండ తగిలేలా కూర్చునేది. ఒళ్ళో చాట పెట్టుకొని వెల్లుల్లి ఒలిచేది. దూరాన క్రాన్‌బర్న్ అనే ఊళ్ళో ఉన్న మా అమ్మాయికి ఫోన్ చేసి నవ్వేది. ఆ నవ్వు పరంజా మీద పనిచేసుకుంటున్న నాకు వినబడేది. రోజు మొత్తంలో ఆ రెండు గంటలే ఆమె మామూలు మనిషిలా ఉండేది.

మే నెలలో, ఇక్కడ చలి ముదిరే రోజుల్లో, ఉత్తరపు గోడ పని మొదలుపెట్టాను. వెనకటికి ఎవరో మహానుభావుడు రాళ్ళ సందుల్లో సిమెంటు కూరాడు. తడి బయటికి పోయే దారిలేక రాయి పొడిపొడిగా రాలుతోంది. సిమెంటంతా గీకేసి సున్నం నింపాను. సున్నం నిదానంగా ఆరాలి. ఎండా గాలీ తగిలితే బీటలిస్తుంది. అందుకని పరంజా మీది నుంచి కిందిదాకా తడి గోనెపట్టాలు వేలాడదీసి, రోజుకు మూడుసార్లు నీళ్ళు చల్లాలి. ఒక నెల. వాటి కిందనే ఆ గది తలుపూ కిటికీ కూడా మూసుకుపోయాయి. లోపల పట్టపగలే లైటు వేయాల్సి వచ్చింది.

మూడో రోజు ఆమె గోడ పట్టుకొని వచ్చింది.

"తలుపు కాడిది ఒక్కటన్నా తీయరాదా? రోంతసేపు కూచుంటా."

"తీస్తే గోడ పాడైపోతాది మే. నెల రోజులు ఓర్చుకో."

"గోడకు నెలా? సరేలే" అని వెనక్కి తిరిగింది.

బయట పెరట్లో కూర్చుందామంటే ఆ గాలికి ఆమె నిలవలేదు. నేను టౌనుకు పోయి మంచి హీటరు కొనుక్కొచ్చి పెట్టాను. ఏదో ఘనకార్యం చేసినట్టు! అమ్మాయి ఫోన్లో నా మీద అరిచింది. "డాడ్, జస్ట్ లెట్ హర్ సిట్ ఇన్ ద సన్! వాల్ కెన్ వెయిట్." సున్నం సంగతి నీకేం తెలుసులే తల్లీ అన్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

నిజం చెప్పాలంటే, ఆ తలుపు దగ్గర పట్టా తీసేసి, పాడైన మేరకు తర్వాత మళ్ళీ నింపుకోవచ్చు. రెండు రోజుల పని. అది నాకు తెలుసు. ఆ గోడ చూసి నా పనితనం గురించి పదిమంది చెప్పుకోవాలని నా ఆశ. అంతకుమించి ఏమీ లేదు.

నాలుగో వారంలో ఆమెకు జ్వరం, ఆయాసం. అంబులెన్స్ వచ్చి గంట దూరంలో ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయింది. రెండో రోజు మాస్కు పక్కకు జరుపుకొని అడిగింది.

"గోడ ఆరిందా?"

"ఇంకో నాలుగు రోజులే. నువ్వొచ్చే పాటికి అన్నీ తీసేస్తా."

"మరి నీళ్ళు సల్లకుండా ఈడ కూచున్నావే? ఇన్నాళ్ళ కష్టం పాడైపోదా? పో, పోయి సల్లిరాపో."

ఎగతాళికి కాదు, నిజంగానే అంది. నేను పోయాను. గంటసేపు కారు నడుపుకుంటూ పోయి, నీళ్ళు చల్లి, మళ్ళీ వచ్చాను. తర్వాత రెండు రోజులే ఉంది ఆమె.

ఎండలో కూర్చోబెట్టినా ఫలితం మారేది కాదని డాక్టరమ్మ చెప్పింది. నిజమే అయ్యుంటుంది. కానీ ఆమె ఎండ అడిగింది బతకడానికి కాదు కదా. ఒళ్ళు వెచ్చగా ఉంటుందని అడిగింది, అంతే.

పట్టాలు తీసేశాక ట్రస్టు నుంచి ఒక పెద్దాయన తనిఖీకి వచ్చాడు. గోడ పొడవునా వేలితో రాస్తూ నడిచి, ఒక్క బీట కూడా లేదని నా భుజం తట్టాడు. ఇప్పుడు ఆ ఇంటిని చూడవచ్చే జనానికి తెరిచారు, నేనక్కడ పనిచేయడం లేదు. అయినా ఏడాదికొకసారి టికెట్టు కొనుక్కొని లోపలికి పోయి, ఆ తలుపు చుట్టూ ప్రతి సందూ వెతుకుతాను, ఒక్క బీటన్నా వచ్చిందేమోనని. ఇంతవరకూ రాలేదు.