ఎర్ర కారుకు అమ్మ కుట్టిన తెల్ల టాపు

పెళ్ళిళ్ళలో నలుగురు చేరితే మా తమ్ముడు చెప్పే కథ ఒకటుంది. జెద్దాలో కఫీల్ కారుకు అమ్మ టాపు కుట్టిందట, కుట్టు సరిగా రాక నాయన పరువు పోయిందట. అందరూ నవ్వుతారు. వాడికప్పుడు ఐదేళ్ళు, ఏం చూశాడని చెబుతాడు? మొన్న మా కర్నూలు ఇంట్లో సోఫాకు రెగ్జిన్ వేయిస్తుంటే, ఎండకు కాగిన జిగురు వాసన గుప్పున తగిలి, ఇన్నేళ్ళూ నేను మింగిన మాట గొంతులోకొచ్చింది.

నాయన కార్ల సీట్లు కుట్టే షాపులో మేస్త్రీ. షాపు యజమానే మా కఫీల్, మా వీసాలన్నీ ఆయన చేతిలోనే. ఆయన పాత ఇంటి వెనక రెండు గదుల్లో ఉండేవాళ్ళం. అరవైల నాటి అమెరికా స్పోర్ట్స్ కారొకటి, తుప్పు పట్టినదాన్ని కొని, ఇంజను విప్పించి, దానిమ్మగింజ రంగు వేయించి, ప్రహరీ లోపల పెట్టాడాయన. దాని ముక్కు పొడుగ్గా ఉండేది, స్టార్ట్ చేస్తే మా కిటికీలు గడగడలాడేవి. షాపు టైలర్ సెలవు మీద పోతే, వెనక్కి ముడుచుకునే దాని గుడ్డ టాపు కుట్టే పని అమ్మ చేతికొచ్చింది. ఇది కుదిరితే రాబోయే రెండు కార్ల పనీ ఆమెకే అన్నాడు కఫీల్. ఆ రంజాన్ నెలంతా, ఒకవైపు సమోసాల నూనె, ఒకవైపు జిగురు వాసన, మధ్యలో పెద్ద మిషను మీద వంగి, వేలికి ప్లాస్టర్ చుట్టుకుని, అమ్మ పాటలు కూనిరాగం తీస్తూ కుట్టింది. ఆమె అలా పాడటం మళ్ళీ వినలేదు.

టాపు బిగించిన రోజు నాకు గట్టిగా చెప్పింది.

"నెల దాకా దీన్ని దించగూడదు మే. సాగి కుదురుకోవల్ల. జోలికి పోయినావంటే కాళ్ళిరగ్గొడతా."

"కుట్టినంత మాత్రాన కారు నీదైపోయిందా?"

"టాపు నాదే గదా!" అని నవ్వింది.

పదకొండేళ్ళ నాకు నెల ఎక్కడాగుతుంది? నాలుగో రోజు మధ్యాహ్నం, అందరూ పడుకున్నాక, నాయన చొక్కా జేబులోంచి కారు తాళం తీసి, రెండు క్లిప్పులు విప్పి, స్విచ్చి నొక్కాను. టాపు మూలుగుతూ వెనక్కి ముడుచుకుంది. స్టీరింగ్ పట్టుకుని, నెత్తిన మండే ఆకాశంతో, గంటసేపు ఊహలోనే ఎక్కడెక్కడికో వెళ్ళాను. తిరిగి మూసేసరికి టాపు బిగుసుకుపోయి, కుట్టు పక్కన ముడతలు తేలాయి.

మర్నాడు కఫీల్ ఆ ముడతల్ని వేలు పెట్టి చూపించాడు. నాయన వచ్చీరాని అరబ్బీలో, ఆడమనిషి కుట్టు, చేయి తిరగలేదు అన్నాడు. అంత మేస్త్రీకి తెలియదా? తాళం తన జేబులోది కదా, టాపు దించారంటే మాట తన మీదికే వస్తుంది! ప్రతిదానికీ ఎదురు మాట్లాడే నేను, ఆ ఒక్కసారి నోరు మూసుకున్నాను. టాపు విప్పేశారు. కార్ల పని షాపుకు పోయింది, మిషను కూడా.

ఆ ఇల్లు, ఆ సందు కూల్చేశారట. అక్కడిప్పుడు ఆడవాళ్ళు కార్లు నడుపుతున్నారట. అమ్మ పోయి నాలుగేళ్ళు. కఫీల్ తప్పు పట్టిన ఆ రోజు ఆమె టాపును వేళ్ళతో తడిమి, ఒక్కసారి నా వైపు చూసి, లోపలికి వెళ్ళిపోయింది. మడత గుర్తుకూ కుట్టు తప్పుకూ తేడా తెలియని మనిషి కాదు. తెలిసీ, అమ్మా, ఎందుకు ఊరుకున్నావు?